బళేపేటలో హావ్లిక్

బెంగళూరు బళేపేటలో శాక్సఫోన్ కొనడానికి వచ్చేవాళ్లు ముందు చెవి పెట్టరు, కన్ను పెడతారు. గాజు బీరువా ముందు నిలబడి, రంగు బంగారంలా ఉందా, గొట్టం నోటి మీద చెక్కిన అక్షరాలు తాము ఎరిగినవేనా అని చూస్తారు. ఆ రెండూ సరిపోతే ఊది చూసే శ్రమ కూడా పెట్టుకోకుండా బేరానికి దిగుతారు. అక్కడ బాజాల అంగడి నడిపే నేత్రావతికి ఈ సంగతి చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా బీరువా మధ్య అరలో మూడు హావ్లిక్‌లు పెట్టుకుంది. ఎవరూ అడగని సరుకును అందరికీ కనిపించేచోట పెట్టి, రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడుస్తోంది.

హావ్లిక్ చెక్ దేశంలో తయారయ్యే శాక్సఫోన్. దానికి వెండి పూత. ఆ తెల్లటి మెరుపే దాని కొంప ముంచింది. శవయాత్రల బ్యాండు వాళ్లూ స్కూలు పరేడ్ల వాళ్లూ కొనే నికెల్ పూత బాజాలు కూడా తెల్లగానే ఉంటాయి మరి. పెళ్లి మేళం వాళ్లు గడప అవతల నుంచే చూసి, "స్టీలుదా అక్కా?" అని అడిగి, జవాబు వినకుండానే పక్క అరలోని జపాన్ శాక్సఫోన్ వైపు తిరిగేవారు. జపాన్ కంపెనీ పేరు బళేపేటలో చదువు రానివాళ్లకు కూడా అక్షరం అక్షరం తెలుసు.

నేత్రావతి అంగడికి వచ్చిన ప్రతి బాజానూ మూడు స్వరాలు ఊది పరీక్షిస్తుంది. షడ్జం, పంచమం, మళ్లీ పై షడ్జం. అంతకు మించి ఊదదు, ఆ పని ఊదేవాళ్లది అనుకుంటుంది. హావ్లిక్ వచ్చిన రోజు మాత్రం కింది షడ్జం దగ్గరే ఊపిరి అయిపోయేదాకా నిలబడిపోయింది. మళ్లీ ఊపిరి తీసుకుని మళ్లీ అక్కడే నిలబడింది. ఆనాటి నుంచి ఆమెకు ఒకటే కోరిక. ఎవరైనా పెద్ద విద్వాంసుడు దాన్ని ఊది, నలుగురిలో దాని పేరు చెప్పాలి. ఒక్కసారి చెప్తే చాలు.

జ్యేష్ఠమాసం ఆఖరి ముహూర్తాలు నడుస్తున్న సోమవారం నాడు లలిత్ వచ్చాడు. హావ్లిక్‌లు దిగుమతి చేసే సంస్థకు అతను బెంగళూరు ప్రతినిధి. విజయవాడ కుర్రాడు, బ్రూక్‌ఫీల్డ్‌లో గది తీసుకుని ఉంటాడు. హెల్మెట్ గల్లా మీద పెట్టి, మంచినీళ్లు అడిగి తాగాడు. చెప్పడానికి వచ్చిన మాట చెప్పలేక, బీరువాలోని మూడింటినీ ఒకటికి రెండుసార్లు చూశాడు.

"మేడమ్, శనివారం వచ్చి ఇవి తీసుకెళ్లిపోతాను. ఇంపోర్ట్ ఆపేస్తున్నారు."

"ఆపేస్తాండారా? ఎందుకప్పా, సరుకులో ఏమన్నా తప్పుండాదా?"

"అదే మేడమ్ బాధ. క్వాలిటీ గురించి ఎవరూ ఒక్క కంప్లైంట్ ఇవ్వలేదు. హైదరాబాద్‌లో ట్రై చేసినవాళ్లందరూ సూపర్ అన్నారు. అని పక్క షాప్‌కెళ్లి జపాన్‌ది కొనుక్కున్నారు."

నేత్రావతి గల్లా మీదున్న హెల్మెట్‌ను పక్కకు జరిపింది. "పెండ్లిండ్లు అయిపోయేదానికి ఇంకా నాలుగు దినాలు ఉండాయి కదా."

"ఒక్క పెద్ద ఆర్టిస్ట్ చాలు మేడమ్. చెన్నరాయప్పగారి చేతిలో మన పీస్ ఉన్న ఒక్క ఫొటో ఇప్పించండి. అది పట్టుకుని ఆఫీస్‌లో నేను ఫైట్ చేస్తాను."

అడగడం తేలికే. చెన్నరాయప్ప బళేపేట శాక్సఫోన్‌కు పెద్దదిక్కు. కోలారు నుంచి కనకపుర దాకా పెళ్లిళ్లలో ఊదేవాళ్లలో సగం మంది ఆయన శిష్యులే. ఆయన ఏది ఊదితే వాళ్లూ అదే కొంటారు. హావ్లిక్‌లు బీరువాలో కూర్చున్న ఈ రెండేళ్లలో ఆయన ఎన్నోసార్లు అంగడికి వచ్చాడు. రీడ్లు కొన్నాడు, కాఫీ తాగాడు, లోకం సంగతులు మాట్లాడాడు. ఆ తెల్లవాటి వైపు మాత్రం ఒక్కసారీ చెయ్యి చాపలేదు.

ఆ సాయంత్రం మునిరాజు వచ్చాడు. చెన్నరాయప్ప పక్కన కూర్చుని రెండో శాక్సఫోన్ ఊదే శిష్యుడు అతను. ఇన్నాళ్లూ గురువుగారి పాతదానితో నెట్టుకొచ్చి, ఈ సీజన్లో సొంతానికి కొనుక్కోవడానికి సిద్ధపడ్డాడు. రోజూ మేళం నుంచి తిరిగి వెళ్తూ అంగడి వెనక గదిలో కాసేపు హావ్లిక్ ఊదడం అతనికి అలవాటైంది. వెనక గదిలోంచి ఆనందభైరవి వస్తుంటే నేత్రావతి రిపేరు బల్ల దగ్గర చిన్న స్పిరిట్ దీపం మీద లక్క కరిగిస్తూ, కరిగింది చాలని తెలిసినా దీపం ఆర్పకుండా వింటూ ఉండేది.

"చూడక్కా, గమకం నేను తొయ్యాల్సిన పనే లేదు. దానంతట అదే జారుతాది," అన్నాడు మునిరాజు బయటికి వచ్చి. అతని ముఖం స్నానం చేసినట్టు తేటగా ఉంది.

"అయితే తీసుకో. శనివారమైతే ఇవి ఉండవు."

అతను మెడ పట్టీ తియ్యకుండా నిలబడ్డాడు. "తీసుకుంటానక్కా. అయితే సేఠ్‌ను ఒక మాట అడగల్ల కదా."

ఆ మాటకు అర్థం బళేపేట వాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. ఆ నెల మొదట్లో మేళగాళ్లందరూ తమ బాజాలను తాకట్టు అంగట్లో పెట్టి ఇల్లు నడుపుకుంటారు. శ్రావణంలో మొదటి పెళ్లి అడ్వాన్సు చేతిలో పడగానే విడిపించుకుంటారు. నాగస్వరాలకు వెండి కట్లు ఉండే రోజుల్లో ఆ కట్లే తాకట్టుకు పోయేవి, ఇప్పుడు శాక్సఫోన్లు పోతున్నాయి. ఇందులో ఎవరికీ సిగ్గు లేదు. చలికాలంలో దుప్పటి తీసినట్టు, ఆషాఢంలో బాజా తీసుకెళ్లి పెడతారు. నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్ ఒక్కటి మాత్రం ఎవరూ తాకట్టు పెట్టరు. అది వాళ్ల జేబుల్లోనే ఉంటుంది.

ఇద్దరూ హావ్లిక్‌ను పెట్టెలో పెట్టుకుని రోడ్డు దాటారు. రూప్‌చంద్ సేఠ్ తాకట్టు అంగడి ఎదురుగానే ఉంది. ఆయన తాత కాలంలో వచ్చి బళేపేటలో స్థిరపడిన కుటుంబం. అందరితోనూ ఎవరి భాషలో వాళ్లతో మాట్లాడతాడు. కళ్లద్దాలు పైకి తోసి, శాక్సఫోన్‌ను పసిపిల్లను తిప్పినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నికెల్ కదమ్మా ఇది?"

"వెండి పూత సేఠ్. చూడండి కావాలంటే."

సేఠ్ మెడ గొట్టం అంచును నల్లరాయి మీద గీశాడు. నేత్రావతి తన చర్మం మీద గీసినట్టు ముడుచుకుంది. గీత మీద యాసిడ్ చుక్క వేసి, వెలుతురుకు పెట్టి చూసి, ఆయన పెదవి విరవలేదు సరికదా, కాస్త మర్యాదగా దాన్ని బల్ల మీద పెట్టాడు.

"వెండే. నువ్వు అబద్ధం చెప్పేదానివి కాదు."

"మరింక ఏమి?"

"పూత పలచన నేత్రమ్మా. బరువు చూసి ఇయ్యాలంటే ఇత్తడి బిందెకు ఇచ్చేది ఇస్తా. జపాన్‌దానికి నేను దుడ్డు ఇచ్చేది బరువుకు కాదు, పేరుకు. మునిరాజు విడిపించకపోతే ఇంకొకడు వచ్చి కండ్లు మూసుకొని కొంటాడు. దీన్ని ఎవరు కొంటారు? నీ అంగట్లోనే ఎవరూ కొనలే కదా."

రోడ్డు దాటి వెనక్కి వచ్చేటప్పుడు మునిరాజు పెట్టెను రెండు చేతులతో పొత్తిళ్లలో బిడ్డలా పట్టుకున్నాడు. అంగట్లోకి వచ్చాక కూడా కింద పెట్టడానికి ఇష్టం లేనట్టు నిలబడ్డాడు.

"అక్కా, ఇంట్లో పిల్లోళ్లు ఉండారు," అన్నాడు చివరికి.

"తెలుసులేప్పా."

మర్నాడు అతను జపాన్ శాక్సఫోన్ కొనుక్కున్నాడు. నేత్రావతి దాన్ని మూడు స్వరాలు ఊది చూసి, కుంకుమ బొట్టు పెట్టి ఇచ్చింది. మంచి బాజానే అది, దానికి వంక పెట్టడానికి లేదు. మునిరాజు వంగి ఆమె కాళ్లకు దణ్ణం పెట్టి, బీరువా మధ్య అర వైపు చూడకుండా మెట్లు దిగిపోయాడు.

బుధవారం మధ్యాహ్నం ఆటోలోంచి చెన్నరాయప్ప దిగాడు. అరవై దాటినా నడక మారని మనిషి. తెల్ల పంచె, చెవికి ఎర్రరాయి పోగు. చంకలోని పెట్టెను రిపేరు బల్ల మీద పెట్టాడు.

"ఎడమచెయ్యి కింద గాలి పోతాండాది నేత్రమ్మా. రేపు పొద్దున బసవనగుడిలో పెండ్లి."

ఆమె గొట్టంలోకి సన్నటి బల్బు దించి, ఒక్కొక్క మీటా నొక్కి చూసింది. ఒకచోట మూత కింది నుంచి సన్నగా వెలుతురు కారింది. తోలు చిరిగింది, కింద స్ప్రింగు నీరసపడింది. అంతే. తోలు ప్యాడు మార్చి, లక్కతో అతికించి, స్ప్రింగు వంచి కూర్చోబెట్టడం ఒక గంట పని. ఆయన స్టూలు మీద కూర్చుని కాఫీ తాగి లేచేలోపు చేసి ఇవ్వగలదు.

నేత్రావతి బల్బు పైకి తీసింది. తన గొంతు తనకే వేరేవాళ్ల గొంతులా వినిపించింది.

"లక్క గట్టిపడల్ల మేష్ట్రే. రేపు సాయంత్రం గానీ కాదు."

చెప్పాక తలెత్తలేదు. చిన్నప్పటి నుంచి ఆ బల్ల దగ్గర ఇలాంటి అబద్ధం ఆడలేదు ఆమె. చెవులు వేడెక్కాయి. రోడ్డు మీద ఎవరో కొత్త డోలుకు తోలు బిగిస్తూ వేలితో కొట్టి చూసుకుంటున్నారు.

"అట్లనా," అన్నాడు ఆయన. "మునిరాజు దగ్గర కొత్తది ఉండాది. అయితే వాని బాజా వాడు ఊదల్ల కదా." పాత శాక్సఫోన్ నుంచి తన మౌత్‌పీస్ ఊడదీసి, తుడిచి, చొక్కా జేబులో వేసుకున్నాడు. తరువాత బీరువా వైపు తిరగకుండానే చెయ్యి చాపాడు. "ఆ తెల్లదాండ్లో ఒకటి ఇయ్యి."

నేత్రావతి బీరువా తాళం తీసి, ఒకదాన్ని పెట్టెలో పెట్టి ఇచ్చింది. ఆయన ఆటో ఎక్కి పోగానే పరుగున వచ్చి లలిత్‌కు ఫోన్ చేసింది. కెమెరా తీసుకుని రేపు పొద్దున్నే బసవనగుడి పెళ్లి ఛత్రానికి రమ్మంది.

పెళ్లివాళ్లు ఆమెకు ఏమీ కారు. పట్టుచీర కట్టుకుని, వెనక వరస కుర్చీలో కూర్చుంది. అక్షింతల పళ్లెం పట్టుకున్న పెద్దావిడ ఒకరు, "ఏ పక్కవాళ్లమ్మా మీరు, ఆడపిల్ల పక్కనా, మగపిల్లాడి పక్కనా?" అని అడిగింది.

"మేళం పక్క," అంది నేత్రావతి. ఆవిడ అర్థం కాకపోయినా అక్షింతలు ఇచ్చి వెళ్లింది.

లలిత్ కెమెరా మెడలో వేసుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. మేళం వేదిక వైపు చూసి, మళ్లీ చూసి, "మేడమ్, మన పీస్ ఎక్కడుంది?" అన్నాడు.

వేదిక మీద చెన్నరాయప్ప ఒడిలో శాక్సఫోన్ ఉంది. దాని నోటి నుంచి నడుము దాకా ఎర్రంచు జరీ ఉత్తరీయం చుట్టి ఉంది. పైకి కనిపిస్తున్నది ఆయన వేళ్లు, ఆ వేళ్ల కింద నాలుగు మీటలు. అవి తెల్లవో పచ్చవో వీడియో దీపాల వెలుతురులో ఎవరూ చెప్పలేరు. పక్కన మునిరాజు కొత్త బంగారు రంగు బాజాతో కూర్చుని ఉన్నాడు.

"గుడ్డలో ఉండాదప్పా," అంది నేత్రావతి.

లలిత్ అయినా వెళ్లి నాలుగైదు ఫొటోలు తీసుకున్నాడు. ఉత్తరీయం అంచు బాగా పడి ఉంటుంది.

ఆమెకు కోపం రావలసింది. వచ్చేదే కూడా, కానీ అప్పుడే చెన్నరాయప్ప కల్యాణి మొదలుపెట్టాడు. తొందర లేకుండా కింది స్థాయిలో తిరిగాడు. ఎప్పుడూ పైకి పోయి చప్పట్లు కొట్టించుకునే మనిషి ఆ పొద్దు పైకి పోనే లేదు. కింది షడ్జం మీద నిలబడి, దిగి, మళ్లీ వచ్చి అక్కడే నిలబడ్డాడు. టిఫిన్ల హాలు వైపు పోతున్నవాళ్లు నడక తగ్గించారు. చంటిపిల్లను ఎత్తుకున్న ఒకతను గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. నేత్రావతి ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది కానీ అందులో ఈర్ష్య కూడా కలిసింది. రెండేళ్లు తను తుడిచిన బాజా మొదటిసారి నలుగురిలో నోరు తెరిచిన రోజున దాని ముఖానికి ముసుగు ఉంది.

"అది జపాన్‌ది కదండీ. ఆ గొంతే వేరు," అన్నాడు ముందు వరసలో ఒకాయన పక్కవాడితో.

"కాదు," అంది నేత్రావతి గట్టిగా.

ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు. ఆమె ఇంకేమీ అనకపోయేసరికి మళ్లీ ముందుకు తిరిగారు. అంతలో గట్టిమేళం మోగింది, అందరూ లేచి అక్షింతలు వేశారు.

శుక్రవారం పొద్దున అంగడి తెరవగానే హెబ్బగోడి నుంచి అంజినప్ప వచ్చాడు. ఫ్యాక్టరీలో పని చేస్తూ, సెలవు రోజుల్లో చిన్న మేళం నడుపుతాడు. నిన్న ఆ పెళ్లిలో తనూ ఉన్నానని, రాత్రంతా నిద్ర పట్టలేదని చెప్పాడు.

"అక్కా, మేష్ట్రు నిన్న ఊదినాడే, అట్లాంటిది నాకొకటి కావల్ల. జపాన్‌దే, మోడల్ ఏదో నువ్వే చూసి చెప్పు."

నేత్రావతి హావ్లిక్ తీసి గల్లా మీద పెట్టింది. "ఆయన ఊదింది ఇదప్పా."

అంజినప్ప దాన్ని చూసి, ఆమెను చూసి, నవ్వాడు. మంచి నవ్వే, చెడ్డవాడు కాదు. "స్టీలుదాన్ని చూపించి ఆట పట్టిస్తాండావా అక్కా?"

ఆమె చెన్నరాయప్ప ఇంటికి ఫోన్ చేసింది. "మేష్ట్రే, నిన్న మీరు ఊదింది ఏదో ఈయనకు ఒక మాట చెప్పండి," అని రిసీవర్ అంజినప్ప చేతికి ఇచ్చింది. అతను నిలబడిన తీరు మారింది, నడుం వంగింది. "నమస్కారం మేష్ట్రే... ఊ... ఊ... సరి మేష్ట్రే," అని, ఫోన్ జాగ్రత్తగా పెట్టేశాడు.

"ఎప్పుడూ ఊదేదే ఊదినా అంటాడు కదక్కా." గొంతు తగ్గించాడు, ఆమె పరువు కాపాడుతున్నట్టు. "యాపారంలో ఒకటో అరో అబద్ధం ఉంటాది, కాదనను. అయితే ఆయన పేరు పెట్టి చెప్పొద్దు. ఆషాఢం పడినాక వస్తా. అప్పుడైతే రేటు దిగుతాది కదా. జపాన్‌ది ఒకటి ఎత్తిపెట్టు."

అతను వెళ్లాక నేత్రావతి గల్లా వెనక అలాగే నిలబడింది. ముఖం మండిపోతోంది. నిజం చెప్పి అబద్ధాలకోరు అనిపించుకోవడం ఆమెకు అదే మొదలు.

మధ్యాహ్నానికి చెన్నరాయప్పే వచ్చాడు. హావ్లిక్ పెట్టెను గల్లా మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆమె బాగుచేసిన ఆయన శాక్సఫోన్‌ను తెచ్చి ముందు పెట్టింది. పలకరించలేదు, కాఫీ తెప్పించలేదు.

"ఈ ప్యాడు వేసేదానికి గంట చాలదా నేత్రమ్మా?" అన్నాడు ఆయన.

నేత్రావతి ఉలిక్కిపడింది.

"నలభై ఏండ్లుగా ఊదేవాణ్ని, నాకు తెలీదా? తెలిసే తీసుకొని పోతిని. రెండేండ్లుగా మునిరాజు ఈ వెనక గదిలో ఊదేది మెట్ల కింద నిలబడి ఎన్నిసార్లు వింటినో నీకు తెలీదు. నాకూ ఆశ ఉండదా?"

"అయితే ఫోన్లో అట్ల ఎందుకు చెప్పితిరి మేష్ట్రే? మీ నోటి మాట ఒక్కటి చాలు అని నేను..."

"ఆ మాటకే భయం నాకు." ఆయన అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "నా శిష్యుల చేతుల్లో ఉండేదంతా జపాన్‌దే. నేను ఊదతా కాబట్టే సేఠ్ దానికి దుడ్డు ఇస్తాడు. ఆషాఢం ఎదురుగా ఉండాది. ఈ పొద్దు నేను 'దానికన్నా ఇది మేలు' అంటినో, ఆదివారానికి బళేపేటంతా పాకుతాది. సోమవారం పిల్లోళ్లు బాజాలు ఎత్తుకొని పోతే, 'మీ మేష్ట్రే వదిలేసినాడంట కదా' అని సేఠ్ సగం ఇస్తాడు. నెలంతా ఆ ఇండ్లల్లో ఏం తినల్ల?"

నేత్రావతి కోపాన్ని నిలబెట్టుకోవాలని చూసింది, నిలవలేదు.

"మరి ఆ జరీ గుడ్డ?"

"అది జనాలకు కాదమ్మా. పక్కన మునిరాజు కూర్చోనుండాడు కదా. కొత్తది కొని రెండు దినాలు కాలే. వాడు కోరుకున్నది నా ఒళ్లో కనిపిస్తే వాని మనసు ఏమైతాది?"

"గుడ్డ కప్పితే మునిరాజుకు తెలీదా మేష్ట్రే?"

"మొదటి ఊదుకే తెలిసింది. అయిపోయేంతవరకూ తలకాయ ఎత్తలే వాడు."

ఆయన లేచి తన పెట్టె తీసుకున్నాడు. వెళ్లబోతూ హావ్లిక్ పెట్టె మూత మీద ఒకసారి చెయ్యి వేశాడు. "కింది షడ్జంలో నిలబడితే దిగబుద్ధి కాలే నాకు," అని మెట్లు దిగాడు.

శనివారం లలిత్ అట్టపెట్టెలతో వచ్చాడు. ఫొటోలు కడిగించి తెచ్చాడు కానీ చూపించమని ఆమె అడగలేదు. రెండు హావ్లిక్‌లను గుడ్డల్లో చుట్టి ఆమే పెట్టెల్లో పెట్టింది. మూడోదాన్ని అతను అందుకోబోతే అడ్డుపడింది.

"మొదట్లో మీ ఆఫీసుకు నేను కట్టిన డిపాజిట్టు ఉండాది కదా. దానికి సరి చేసుకొని ఇది ఉండనీ."

"మేడమ్, ఫ్రాంక్‌గా చెప్తున్నా, మీకు లాస్. ఇక స్పేర్స్ రావు. సర్వీస్ ఉండదు. రీసేల్ అసలే లేదు."

"ప్యాడ్లు నేను వేసుకుంటానప్పా."

అతను కాగితం రాసిచ్చి, హెల్మెట్ పెట్టుకుంటూ ఆగాడు. "నాకు మ్యూజిక్ ఏమీ తెలీదు మేడమ్. కానీ మొన్న పెళ్లిలో... నేను దీన్నా అమ్మలేకపోయింది అనిపించింది." అంతలో బయట ఎవరో బండి తియ్యమని హారన్ కొట్టారు. అతను వెళ్లిపోయాడు.

ఆషాఢం పడింది. సోమవారం పొద్దున బళేపేటలో నల్లపెట్టెల వరస కదిలింది. ఒక్కొక్కరే వచ్చి, ఎదురంగట్లోకి పెట్టెతో ఎక్కి, చేతులు ఊపుకుంటూ దిగారు. మునిరాజు కూడా వచ్చాడు. వారం కూడా నిండని బాజా, కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు. సేఠ్ పేచీ పెట్టకుండా మంచి రేటే ఇచ్చినట్టున్నాడు, ముఖంలో తేరుకున్న కళ కనిపించింది. కానీ ఇంటిదారి పట్టకుండా రోడ్డు దాటి నేత్రావతి గడప దగ్గర నిలబడ్డాడు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకసారి జేబులో, ఒకసారి వెనక పెట్టుకున్నాడు.

"తెల్లవి పోయినాయా అక్కా?"

"ఒకటి ఉండాది. మౌత్‌పీస్ తెచ్చినావా?"

అతను జేబులోంచి తీసి చూపించాడు, సిగ్గుపడుతూ.

ఆ రోజు అతను ఒక్కడే ఊదాడు. మంగళవారం మరో ఇద్దరు వచ్చారు. బుధవారానికి వెనక గది చాలక బాజా ముందు గదిలోకి వచ్చింది. జపాన్‌వన్నీ ఎదురంగడి ఇనప బీరువాలో భద్రంగా నిద్రపోతున్నాయి. సేఠ్ తీసుకోనన్న బాజా ఒక్కటే ఆ వీధిలో మేళగాళ్ల చేతికి దొరికేది.

గురువారం సాయంత్రం చెన్నరాయప్ప వచ్చాడు. ఆయన చేతులూ ఖాళీగానే ఉన్నాయి. శిష్యులు లేచి నిలబడ్డారు. ఆయన స్టూలు మీద కూర్చుని, జేబులోంచి మౌత్‌పీస్ తీసి బిగించాడు. ఈసారి ఉత్తరీయం లేదు. పెళ్లి లేదు, ముహూర్తం తొందర లేదు, వీడియో దీపాలు లేవు. సాయంత్రపు వెలుతురు ఆ వెండి మీద పడుతుంటే ఆయన తోడి రాగం అందుకున్నాడు. ఆలాపన ముగిసేసరికి మెట్ల కింద రోడ్డు మీద జనం పోగయ్యారు. సేఠ్ కూడా తన గడప మీదికి వచ్చి నిలబడ్డాడు.

ఆ జనంలోంచి తోసుకుంటూ అంజినప్ప మెట్లెక్కాడు. జపాన్‌ది తీసుకుపోవడానికి వచ్చిన మనిషి.

"మేష్ట్రే," అన్నాడు నోరు ఎండిపోయినట్టు. "ఏ కంపెనీదది?"

"హావ్లిక్," అన్నాడు చెన్నరాయప్ప. రోడ్డు అవతలికి వినిపించేంత గట్టిగానే అన్నాడు. "ఇన్నేండ్లలో ఇట్లాంటిది నేను ఊదలే. ఆ పెండ్లిలో ఊదింది కూడా ఇదే. నేత్రమ్మ నీకు నిజమే చెప్పింది, నేనే అబద్ధం ఆడితిని."

"మేష్ట్రే, సేఠ్ వింటాండాడు," అని మునిరాజు ఆయన చెవి దగ్గర గొణిగాడు.

"విననీరా. మీవన్నీ ఆయన బీరువాలోకి పోయినాయి, దుడ్డు మీ చేతికొచ్చింది. ఇంగ ఏం తగ్గిస్తాడు? మళ్లా ఆషాఢానికి ఈ మాట ఎవరికి గుర్తుంటాది?"

నేత్రావతి గల్లా అంచు పట్టుకుంది. రెండేళ్లుగా కోరుకున్న మాట, ఆ నోటి నుంచే, నలుగురిలో. మనసు నిండిపోయింది. నిండిన చోటే చెయ్యి జారినట్టు కూడా అయింది, ఎందుకంటే మిగతా రెండూ ఈపాటికి ఏ ఓడరేవులోనో ఉంటాయి.

అంజినప్ప ఆమె వైపు తిరిగాడు. "అయితే నాకు అదే ఇయ్యక్కా. హావ్లిక్. జపాన్‌ది వద్దు. రేటు తగ్గించొద్దులే, నీ ఇష్టం."

బళేపేటలో పేరు పెట్టి హావ్లిక్ అడిగిన మొదటి మనిషి అతనే. సరే అనడానికి ఆమె నోరు తెరిచింది కూడా. అంగడి నడిపేదాని నోరు కదా, బేరం వినగానే దానంతట అదే తెరుచుకుంటుంది. చెన్నరాయప్ప అప్పటికే మౌత్‌పీస్ ఊడదీసి బాజాను మునిరాజుకు అందిస్తున్నాడు. మునిరాజు వెనక మరో ఇద్దరు తమ మౌత్‌పీస్‌లను పంచె అంచుతో తుడుచుకుంటూ నిలబడి ఉన్నారు.

"ఇది ఇయ్యనప్పా," అంది నేత్రావతి.

"ఎందుకు? నా మీద కోపమా?"

"కోపం ఏమీ లేదు. దీన్ని అమ్మితే ఆషాఢమంతా వీండ్లు ఏం ఊదల్ల?"

"అయితే ఇంకొకటి తెప్పించు. ఆగుతా."

"ఇంగ రావప్పా. వచ్చినన్ని దినాలు ఎవరూ కొనలే. అందుకే రావు."

అంజినప్ప ఆ మాటకు తల వంచుకున్నాడు. ఎత్తిపెట్టిన జపాన్ పెట్టెను ఆమె తీసి గల్లా మీద పెట్టింది. మూడు స్వరాలు ఊది చూపించి, ఆషాఢం రేటే తీసుకుని, బొట్టు పెట్టి ఇచ్చింది. అతను పెట్టెను చంకలో పెట్టుకున్నాడు కానీ మెట్లు దిగలేదు. మునిరాజు ఆనందభైరవి ఎత్తుకున్నాడు. వింటూ వింటూ అంజినప్ప పెట్టెను నెమ్మదిగా కింద పెట్టి, గోడకు ఆనించి, జేబు తడుముకుని తన మౌత్‌పీస్ బయటికి తీశాడు.

"అక్కా, ఒక్కసారి నేనూ ఊదొచ్చునా?"

"వరసలో నిలబడప్పా," అంది నేత్రావతి. "నీకంటే ముందు ఇద్దరు ఉండారు."